పాలు మాన్పించిన తర్వాతి నమ్మకం

పిల్లకి పాలు మాన్పించడానికి మన ఇళ్లలో ఒక పాత పద్ధతి ఉంది. తల్లి రొమ్ముకి వేపాకు నూరి రాసుకుంటుంది. ఆకలితో వచ్చిన పిల్ల నోరు పెట్టి, చేదు తగలగానే మొహం చిట్లించుకుని, ఏమీ అర్థంకాక తల్లి మొహంలోకి చూస్తుంది. ఆ తర్వాత మొదలవుతుంది ఏడుపు. రెండు మూడు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అమ్మమ్మ ఎత్తుకుని తిప్పుతుంది, నాన్న భుజాన వేసుకుని వాకిట్లో పచార్లు చేస్తాడు. పిల్లకి తెలిసింది ఒక్కటే: ఇన్నాళ్లూ అడగ్గానే ఇచ్చిన అమ్మ ఇప్పుడు ఇవ్వడం లేదు. ఓ వారం పది రోజులు పోయాక అదే పిల్ల మళ్లీ అదే ఒడిలోకి వచ్చి చేరుతుంది. ఈసారి పైట లాగదు, దేనికోసమూ వెతకదు. అమ్మ మీద చెయ్యి వేసి అలా పడుకుంటుంది.

దేవుని మీద పసిపిల్లల్లాంటి నమ్మకం ఉండాలని క్రైస్తవ సంఘాల్లో తరచూ వినపడుతుంది. ఆ మాట అనగానే మనసులో మెదిలేది చంటిపిల్ల: ఏడిస్తే పాలు, అడిగితే ఎత్తుకోవడం. కానీ బైబిలులో ఈ నమ్మకానికి అన్నిటికంటే స్పష్టమైన బొమ్మ గీసినవాడు చంటిపిల్లను ఎంచుకోలేదు. పాలు మాన్పించిన పిల్లను ఎంచుకున్నాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, విశ్వాసం గురించిన చాలా అపార్థాలు ఇక్కడే విడిపోతాయి.

ఆ బొమ్మ 131వ కీర్తనలో ఉంది. మూడే వచనాల కీర్తన. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను యాత్రకీర్తనల్లో ఇదొకటి. పండుగలకి యెరూషలేముకి పిల్లాపాపలతో నడిచి వెళ్లేవాళ్లు దారిలో పాడుకున్న పాటలివి అని పండితులు చెబుతారు. ఆ నడకలో చంకన పిల్ల ఉన్న తల్లి అందరికీ కనిపించే దృశ్యమే. "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు" అంటాడు కీర్తనకారుడు. చంటిపిల్లకి హీబ్రూలో వేరే మాట ఉంది, ఎనిమిదో కీర్తనలో "చంటి పిల్లల" స్తుతి గురించి చెప్పేచోట అది వస్తుంది. ఇక్కడ వాడింది 'గామూల్'. ఈ మాట పుట్టిన ధాతువుకి పాలు మాన్పించడం అనే అర్థంతోపాటు పండటం అనే అర్థమూ ఉంది. మోషే అన్న అహరోను కర్రకి బాదం పండ్లు పండాయని సంఖ్యాకాండం చెప్పినప్పుడు వాడింది ఈ ధాతువునే. పాలు మానడమంటే ఒక రకంగా పండటమే అన్నమాట. ఆ రోజుల్లో పాలు మాన్పించడం పెద్ద వేడుక కూడా. కొడుకు ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడని ఆదికాండం 21వ అధ్యాయంలో ఉంది. ఈ పని రెండు మూడేళ్లు నిండాక జరిగేది కాబట్టి పిల్లకి అప్పటికి మాటలు వచ్చి ఉంటాయి, అలగడమూ వచ్చి ఉంటుంది.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ వచనంలో వాడిన రెండు క్రియల్ని ఆగి చూడాలి. "నేను నా ప్రాణమును నిమ్మళపరచుకొనియున్నాను, సముదాయించుకొనియున్నాను." సముదాయించడం అనేది ఎప్పుడు చేస్తాం? ఏడుస్తున్న పిల్లని, అలిగినవాళ్లని. అంటే కీర్తనకారుడి ప్రాణం ఏడ్చింది. అడిగింది దొరకలేదు, గోల చేసింది. దాన్ని ఒళ్లో వేసుకుని వీపు నిమిరి నిమిరి ఊరుకోబెట్టాడు. ఇక్కడ పిల్లా అతని ప్రాణమే, ఊరుకోబెట్టే తల్లీ అతనే. ఇది ఒక స్త్రీ రాసిన పాట అయి ఉండొచ్చని అనుకునే పండితులూ ఉన్నారు, ఆ ఊహ ఎంత సహజంగా ఉందో వచనం చదివితేనే తెలుస్తుంది. ఏదేమైనా ఈ ప్రశాంతత పుట్టుకతో వచ్చింది కాదు. "నాకు అందనివాటి" జోలికి పోవడం లేదని మొదటి వచనంలో అంటున్నాడంటే, వాటి జోలికి పోయి అలసిపోయిన రోజులు అతనికి ఉన్నాయనే అనిపిస్తుంది. ఒక 'లేదు' విని, దాన్ని మింగి, అయినా అదే ఒడికి తిరిగొచ్చిన మనిషి మాటలివి.

యేసు చిన్నపిల్లల గురించి చెప్పిన మాటల్ని ఈ వెలుగులో చూస్తే అవి ఇంకాస్త లోతుగా అందుతాయి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో కొందరు పిల్లల్ని తీసుకొస్తారు, శిష్యులు గదమాయిస్తారు, యేసు కోపపడతాడు. "చిన్నబిడ్డవలె దేవుని రాజ్యము నంగీకరింపనివాడు" అందులోకి రాడని చెబుతాడు. ఈ వచనం మీద ప్రసంగం అనగానే పిల్లల మంచి గుణాల జాబితా వినపడుతుంది: కల్లాకపటం తెలియదు, పగ పెట్టుకోరు, అబద్ధం ఆడరు. ఇద్దరు పిల్లల మధ్య ఒక్క బొమ్మ పెట్టి చూసినవాళ్లెవరూ ఈ జాబితాని ఒప్పుకోరు. సువార్తలో కూడా ఆ జాబితా లేదు. లూకా అయితే ఇదే సంఘటన చెబుతూ చేతుల్లో ఎత్తుకు తెచ్చిన పసికందులకు వాడే గ్రీకు మాటే వాడాడు. పసికందు దగ్గర చూపించుకోవడానికి ఏ గుణమూ లేదు. ఇచ్చింది పుచ్చుకోవడం తప్ప దానికి చేతనైంది లేదు. వచనంలో బరువంతా 'అంగీకరించడం' అనే మాట మీదే ఉంది.

ఆ కాలంలో పిల్ల స్థానం ఏమిటో తెలిస్తే శిష్యులు పిల్లల్ని ఎందుకు గదమాయించారో కూడా అర్థమవుతుంది. క్రీ.పూ. 1వ సంవత్సరంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి హిలారియోన్ అనే కూలిమనిషి భార్య ఆలిస్‌కి రాసిన ఉత్తరం ఒకటి ఆక్సిరింకస్ అనే పాత ఊరి తవ్వకాల్లో దొరికింది. బిడ్డని జాగ్రత్తగా చూసుకో, కూలి డబ్బులు చేతికి రాగానే పంపిస్తాను అంటాడు. నన్ను మరిచిపోకు అని కబురు పెట్టావట, నిన్నెలా మరిచిపోతాను అని కూడా అంటాడు. ఆ ప్రేమ మాటల పక్కనే ఇంకో వాక్యం ఉంది: కాన్పయ్యాక మగపిల్లాడైతే ఉంచు, ఆడపిల్లయితే పారేయి. యూదులు ఈ పని చేయలేదు, అది వాళ్ల ధర్మశాస్త్రానికి విరుద్ధం. పిల్లలంటే వాళ్లకు దేవుడిచ్చిన స్వాస్థ్యం. అయినా పెద్దల మధ్య పిల్లవాడి మాటకి విలువ అక్కడా లేదు. హక్కు లేనివాడు, ఏదీ సంపాదించనివాడు, ఎవరో ఒకరు ఎత్తుకుంటే తప్ప కదలలేనివాడు పిల్లవాడు. మార్కు ఈ సంఘటన వెనకే ధనవంతుడైన మనిషిని తెచ్చి నిలబెట్టాడు. నిత్యజీవం కోసం "నేనేమి చేయుదు"నని అతని ప్రశ్న. చిన్నప్పటి నుంచి ఆజ్ఞలన్నీ పాటించాడు, ఆస్తి ఉంది, చేయగల శక్తీ ఉంది. అతను దుఃఖపడి వెళ్లిపోయాడు. చేతులు నిండుగా ఉన్నవాడికి పుచ్చుకోవడం ఎంత కష్టమో ఆ రెండు సంఘటనలూ పక్కపక్కన చదివితే తెలుస్తుంది.

యేసు దేవుణ్ని తండ్రీ అని పిలవడానికి వాడిన 'అబ్బా' అనే అరమాయిక్ మాట గురించి కూడా ఒక విషయం చెప్పుకోవాలి. దానికి అర్థం 'డాడీ' అనీ, అది పసిపిల్లల ముద్దుమాట అనీ చాలామంది ప్రసంగీకులు చెబుతారు. జర్మన్ పండితుడు యోయాకిమ్ యెరేమియాస్ పరిశోధనల నుంచి ఈ ఆలోచన పాకింది. పెద్దవాళ్లు కూడా తండ్రిని అలాగే పిలిచేవాళ్లని యెరేమియాసే తర్వాత ఒప్పుకున్నారు, జేమ్స్ బార్ 1988లో ఆ సంగతిని వివరంగా చూపించారు. తెలుగు అనువాదం ఈ విషయంలో చక్కటి పని చేసింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనని "నాయనా తండ్రీ" అని మొదలుపెట్టింది. నాయనా అనేది మూడేళ్ల పిల్లాడూ పిలుస్తాడు, యాభై ఏళ్ల రైతూ పిలుస్తాడు. నడుం పట్టేసిన ముసలాయన మంచం మీద నుంచి లేస్తూ, తండ్రి పోయి ముప్పై ఏళ్లయినా, "నాయనో" అనే అంటాడు. చనువూ గౌరవమూ నొప్పీ మూడూ ఒకే మాటలో ఉన్నాయి.

మార్కు సువార్తలో ఆ మాట యేసు నోట వినిపించేది ఆ తోటలోనే, అడిగింది దొరకని ప్రార్థనలోనే. ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా దగ్గర నుంచి తొలగించమని అడిగాడు. తొలగలేదు. "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాక కూడా లేచి వెళ్లి, మళ్లీ వచ్చి, ఇంతకుముందు పలికిన మాటలే పలుకుతూ ప్రార్థించాడని మార్కు రాశాడు. ఒకసారి లోబడగానే మనసు కుదుటపడిపోలేదు. తన ప్రాణాన్ని సముదాయించుకుంటున్నాడు. పాలు విడిచిన పిల్ల కీర్తనకి ఇంతకంటే దగ్గరి దృశ్యం కొత్త నిబంధనలో లేదు.

ఈ భాగం మరిచిపోతే పసిపిల్లల నమ్మకం అనే మాట మనుషుల్ని గాయపరిచే ఆయుధమైపోతుంది. తెలుగు సంఘాల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, స్కానింగ్‌లో గడ్డ కనపడకుండా పోయినవాళ్లు లేచి చెబుతారు, అందరూ స్తోత్రం అంటారు. ఆ సంతోషం నిజమైందే. కానీ అదే గదిలో వెనక చాప మీద కూర్చున్న ఒకావిడ కూడా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసి ఉంటుంది, ఆవిడ భర్త బతకలేదు. ఆవిడ లేచి ఏం చెప్పాలి? నీ విశ్వాసం చాలలేదమ్మా అనే మాట ఎవరూ పైకి అనకపోయినా ఆవిడ చెవికి వినపడుతూనే ఉంటుంది. కొన్నిచోట్ల పైకే అంటారు కూడా. అడిగినవాడికల్లా దొరికే విశ్వాసం మాత్రమే విశ్వాసం అనుకుంటే గెత్సేమనేలో ప్రార్థించినవాడికి కూడా అందులో చోటుండదు.

ఇంకో తప్పు, దేవుని మీద ఆధారపడటాన్ని మనిషి మీద ఆధారపడటంగా మార్చుకోవడం. పిల్ల పెళ్లి, ఇంటి స్థలం, ఉద్యోగం మారడం, అన్నిటికీ పాస్టరు అయ్యగారి మాటే దేవుని మాటగా నడిచే ఇళ్లున్నాయి. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపేస్తేనే విశ్వాసం ఉన్నట్టు అని నమ్మి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. దీనికి పౌలు కొరింథీయులకు రాసిన మాట సూటిగా తగులుతుంది: "దుష్టత్వము విషయమై శిశువులుగా ఉండుడి, బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి." పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించింది ప్రవక్త యెషయానే. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని కీర్తన వచనం చూపించి మరీ అడిగింది సాతాను. యేసు దూకలేదు. తండ్రి మీద నమ్మకం ఉన్న కొడుకు తండ్రిని అలా పరీక్ష పెట్టడు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ నమ్మకం గురించి కొత్తగా మాట్లాడిన అమ్మాయి ఫ్రాన్సులోని లిసియూ తెరేజ. తెలుగు కథోలికులు చిన్న తెరేజమ్మ అని పిలుచుకునే పునీతురాలు. ఆమె జీవితంలో పాలు మానడం అనేది ఉపమానం కాదు, జరిగిన సంగతి. 1873 జనవరిలో పుట్టిన తెరేజ బతకడం కష్టమైతే పల్లెలో ఒక పాలదాది దగ్గరికి పంపారు. ఏడాది పైగా ఆ దాదినే అమ్మ అనుకుని పెరిగి, 1874 ఏప్రిల్‌లో అక్కడి నుంచి సొంతింటికి వచ్చింది. నాలుగేళ్ల వయసులో కన్నతల్లి క్యాన్సర్‌తో పోయింది. పదిహేనేళ్లకి కార్మెల్ సన్యాసినుల మఠంలో చేరింది. అంతకుముందు 1887లో ఇటలీ యాత్రకి వెళ్లినప్పుడు డబ్బున్నవాళ్ల భవనాల్లో లిఫ్టులు చూసింది. పరిశుద్ధత మెట్లు ఎక్కే బలం నాకు లేదు, యేసు చేతులే నాకు లిఫ్టు, దానికోసం నేను పెద్దదాన్ని కానక్కర్లేదు, చిన్నగానే ఉండాలి అని తర్వాత రాసుకుంది. ప్రార్థనలో కునికిపాట్లు వస్తున్నందుకు బాధపడకుండా, పిల్లలు నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దుగానే ఉంటారు కదా అనుకుంది.

ఇంతవరకే చదివి ఆమెని గులాబీ పూల బొమ్మగా చేసేస్తారు చాలామంది. 1896 ఈస్టరు నుంచి ఆమె లోపల చీకటి కమ్మింది. పరలోకం అనే మాట తలచుకుంటేనే ఖాళీగా అనిపించేది. క్షయ ఊపిరితిత్తుల్ని తినేస్తోంది. ఆ రోజుల్లోనే విశ్వాస ప్రమాణాన్ని తన రక్తంతో రాసుకుని గుండె దగ్గర పెట్టుకుంది. ఇరవై నాలుగేళ్లకి, 1897 సెప్టెంబరు 30న కన్నుమూసింది. చీకటి పోయిందని ఆమె ఎక్కడా రాయలేదు. చిన్నబిడ్డలా ఉండటం గురించి ఆమె చెప్పిన మాటల్లో చాలా ముఖ్యమైనవి ఆ చీకటి రోజుల్లో రాసినవే.

ఆధారపడటం అనే మాటని లెక్కల పుస్తకం పక్కన పెట్టి చూపించిన మనిషి ఇంకొకరున్నారు, ఇంగ్లండు బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టారు. కుర్రతనంలో పన్నుల అధికారి అయిన తండ్రి డబ్బే దొంగిలించారు, పదహారేళ్లకి హోటలు బిల్లు ఎగ్గొట్టి జైల్లో గడిపారు. మారుమనసు తర్వాత ఇంగ్లండు వచ్చి పాస్టరు అయ్యాక 1830లో జీతం వద్దన్నారు. 1836లో విల్సన్ వీధిలో అద్దె ఇంట్లో మొదటి ఆశ్రమం తెరిచారు. 1870 నాటికి ఆష్లీ డౌన్ కొండ మీద అయిదు పెద్ద భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు. జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లలు ఆయన సంరక్షణలో పెరిగారు. 13 లక్షల పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. నాకు ఇంత కావాలి అని ఎవరినీ అడగలేదు. ఇది విశ్వాస చరిత్రల్లో అందరూ చెప్పేదే. అంతగా చెప్పనిది ఆయన క్రమశిక్షణ. అప్పు పెట్టి కొనడం లేదు. డబ్బు చాలని రోజుల్లో రొట్టెకీ పాలకీ ఏ రోజు డబ్బు ఆ రోజే చెల్లించడం. వచ్చిన ప్రతి పెన్నీకి రసీదు, ప్రతి ఏటా అచ్చు వేసిన నివేదిక. దేవుడు పంపుతాడని నమ్మే మనిషి, పంపిందాన్ని పైసాతో సహా లెక్క రాశారు.

ఆ నివేదికలే పరోక్షంగా విరాళాలు అడగడం కాదా అని అప్పుడూ విమర్శ వచ్చింది, ఇప్పుడూ వస్తుంది. అందులో న్యాయం ఉంది. పేరు పెరిగిన కొద్దీ ఆ పేరే ప్రచారమవుతుంది. ఈ ప్రమాదం ముల్లర్‌కీ తెలుసు. 1841 డిసెంబరులో చేతిలో డబ్బు దాదాపు అయిపోయిన సమయంలో ఏటా జరిపే సభల్ని, నివేదికని వాయిదా వేశారు. ఇప్పుడు ప్రకటిస్తే మా అవసరం చూసి ఇస్తారు అని. ఖర్చుకి డబ్బు లేని సంస్థ దాతలకి నివేదిక పంపడం ఆపేయడం ఏ మేనేజ్‌మెంటు పాఠంలోనూ ఉండదు. ఆ నెలలు పనివాళ్లందరూ కలిసి మోకరించి, తమ దగ్గరున్న చిన్న చిన్న వస్తువులు అమ్మి గడిపారు.

ముల్లర్ నమ్మకానికి తెలుగు నేలతో నిజమైన బంధుత్వం ఉంది. భార్య మేరీ అన్నగారు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ దంతవైద్యం వదిలేసి బాగ్దాదుకి, అక్కడి నుంచి భారతదేశానికి వచ్చినవారు. 1836లో ఆయన వెంట ఇద్దరు యువకులు కుటుంబాలతో ఓడెక్కారు. విలియం బౌడెన్ రాతిపని చేసే మేస్త్రీ, జార్జ్ బియర్ చెప్పులు కుట్టేవాడు. నెలనెలా జీతం పంపే మిషన్ సొసైటీ ఏదీ వాళ్ల వెనుక లేదు. మచిలీపట్నం చేరి తెలుగు నేర్చుకుని, నర్సాపురం చుట్టూ గోదావరి డెల్టా పల్లెల్లో జీవితాలు గడిపేశారు. ఆ ప్రాంతంలో బ్రదరన్ అనే ప్రొటెస్టంట్ శాఖ సంఘాల మూలం అక్కడే. ఒక శతాబ్దం తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పనిచేసిన సువార్తికుడు బక్త్‌సింగ్ గారి సహవాసాల్లో కూడా జీతాలు లేవు, చందాల ప్రకటనలు లేవు, ఏ పనికైనా ముందు మోకాళ్ల మీద గంటలు గడిపేవారు.

ముల్లర్‌కి దొరికినవే చెబితే కథ సగమే. ఆయన కొడుకు ఎలైజా 1835లో పదిహేను నెలల పసివాడిగా చనిపోయాడు. వేలమంది పరాయి పిల్లలకు రొట్టె దొరికింది, సొంత కొడుకు దక్కలేదు. 1870 ఫిబ్రవరిలో మేరీ కీళ్లవాతపు జ్వరంతో పోయారు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురం. వైద్యుణ్ని పిలిపించారు, ప్రార్థించారు, ఆమె బతకలేదు. సమాధి కార్యక్రమంలో ప్రసంగం ముల్లరే చేశారు. ఎంచుకున్న వాక్యం 119వ కీర్తనలోది: "నీవు దయాళుడవై మేలు చేయుచున్నావు." దాన్ని మూడు భాగాలు చేశారు. ఆమెను నాకు ఇచ్చినందుకు ప్రభువు మంచివాడు. ఇంతకాలం నా దగ్గర ఉంచినందుకు మంచివాడు. నా దగ్గర నుంచి తీసుకున్నందుకూ మంచివాడు. మూడో మాట చెప్పడానికి ఆ అరవై నాలుగేళ్ల మనిషి తన ప్రాణాన్ని ఎన్నిసార్లు సముదాయించుకోవాల్సి వచ్చిందో. ఆ రోజు శవపేటిక వెనుక ఆశ్రమం పిల్లలు వందల మంది వరుసగా నడిచారు. అందరూ అప్పటికే ఒకసారి అమ్మని పోగొట్టుకున్నవాళ్లు.